అడవుల లెక్కలో అడవి ఎంత?

మంచిర్యాల జిల్లాలో గోదావరికి ఉత్తరపు ఒడ్డున నస్పూర్ ఉన్నది. సింగరేణి బొగ్గు గనుల సంస్థకు చెందిన శ్రీరాంపూర్ ఏరియా గనులు దాని చుట్టును వ్యాపించియున్నవి. ఊరు దాటి పోయినవారికి అక్కడ రెండు విధములైన పచ్చదనము కానవచ్చును. ఒకటి పాత అడవిలో మిగిలిన తునకలు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, మొర్రి, వాటి క్రింద పొదలు, గడ్డి, తీగెలు కలగాపులగముగా పెరిగియుండును. రెండవది ఓపెన్‌కాస్టు గనుల నుండి తవ్వి పోసిన మట్టిగుట్టలపై వరుసలు తీర్చి నాటిన చెట్లు. ఈ రెంటికి గల భేదమును పసుల కాపరికి ఎవరును నేర్పనక్కరలేదు. కాని 800 కిలోమీటర్లకు పైగా ఎత్తున తిరుగుచు ఈ నేలను చిత్రించు ఉపగ్రహమునకు ఆకుపచ్చ ఆకుపచ్చయే. ఆ చిత్రములను ఆధారముగా చేసికొని దేశపు అడవులను లెక్కించు గ్రంథమును ఇట్టి చోట నిలిచి చదివినచో దాని గుణములును దోషములును తేటపడును.

ఆ గ్రంథము ‘భారత అరణ్య స్థితి నివేదిక’. డెహ్రాడూన్‌లోని భారత అరణ్య సర్వేక్షణ సంస్థ దీనిని 1987 నుండి ఇంచుమించు రెండేండ్లకొకమారు ప్రకటించుచున్నది. 2023 సంవత్సరపు నివేదిక 2024 డిసెంబరులో వెలువడినది, అది పదునెనిమిదవది. చట్టసభలలో మంత్రులు చెప్పు అంకెలు, పత్రికలలో వచ్చు శీర్షికలు, పాఠ్యపుస్తకములలోని శాతములు అన్నియు దీనినుండియే వచ్చుచున్నవి. ఇంతగా ఉదాహరింపబడియు ఇంత తక్కువగా చదువబడు గ్రంథము మరియొకటి ఉండదేమో. మొదటి పుటలోని మొత్తమును వ్రాసికొని పుస్తకము మూసివేయుట వాడుకయైనది.

ముందుగా దాని గొప్పదనమును ఒప్పుకొనవలెను. ఉపగ్రహ చిత్రములు లేని దినములలో అడవుల లెక్క యనగా అటవీశాఖ దస్తరములలోని సరిహద్దుల లెక్క మాత్రమే. దస్తరములో అడవియని ఉన్న నేలమీద చెట్టు ఒక్కటియు లేకున్నను అది అడవియే. దస్తరము కెక్కని కొండమీద ఎంతటి కీకారణ్యమున్నను అది లెక్కకు రాదు. 1981లో ఏర్పడిన ఈ సంస్థ ఆ పద్ధతిని తలక్రిందులు చేసినది. నేలమీద వాస్తవముగా ఉన్నదేమో చూచి వ్రాయుట మొదలిడినది. అడవులలో చెలరేగు మంటలు, చెట్లలోను నేలలోను నిలువయున్న కర్బనము, అడవి రకములు మొదలగు విషయములపై వేర్వేరు అధ్యాయములను చేర్చినది. చిత్రములను అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో తీసినవానినే ఎన్నుకొనుట కూడ వివేకముతో కూడిన పని. తెలంగాణమందలి అడవులలో ఎక్కువ భాగము ఆకురాల్చునవి. మార్చి, ఏప్రిల్ నెలలలో తీసిన చిత్రమందు టేకు అడవి బోసి నేలవలె కనబడును.

దోషమంతయు నిర్వచనము నుండి పుట్టినది. ఈ నివేదిక ననుసరించి ఒక హెక్టారు, లేక అంతకు మించిన నేలలో పదింట ఒక వంతుకు మించి చెట్ల గొడుగులు కప్పియున్నచో అది ‘అరణ్యావరణము’. నేల ఎవరిది, చెట్టు ఏ జాతిది, దానిని ఎవరు నాటినారు, ఎందుకు నాటినారు అను ప్రశ్నలు అందులో లేవు. మామిడి తోట, కొబ్బరి తోట, కాగితపు మిల్లుకై రైతు వేసిన జామాయిల్ తోట, మట్టిగుట్టమీది తుమ్మ, కవ్వాల్ పులుల అభయారణ్యములోని నడి అడవి, ఇవన్నియు ఆ నిర్వచనము క్రిందికి వచ్చును. పదింట ఒక వంతు అను మాటను కొంచెము ఆలోచించి చూడుడు. పది గజముల పందిరిలో తొమ్మిది గజములు ఎండ పడుచున్నను దానిని పందిరియే యనవలసి వచ్చుచున్నది.

నివేదిక ఇది దాచలేదు. నిర్వచనమును ప్రతి సంచికలోను స్పష్టముగా అచ్చువేయుచున్నది. ‘అరణ్యావరణము’ వేరు, ‘నమోదైన అటవీ ప్రాంతము’ వేరు అని విడమరచి చెప్పుచున్నది. గొడుగు సాంద్రతను బట్టి నూటికి 70 వంతులు, అంతకు మించినది మిక్కిలి దట్టమైన అడవి. 40 నుండి 70 వరకు మధ్యస్థమైన అడవి. 10 నుండి 40 వరకు పలుచని అడవి అని మూడు తరగతులు చేసి వేర్వేరు అంకెలిచ్చుచున్నది. ఐనను పదకోశమున్నంత మాత్రమున పాఠకుని మనస్సులోని అర్థము మారదు. అడవి అనగానే తెలుగువానికి స్ఫురించునది పులియు, చీకటియు, త్రోవ తప్పుటయు. ఆ మాట క్రింద జామాయిల్ తోటను చేర్చి, చేర్చితిమని అడుగున చిన్న అక్షరములతో చెప్పుట శాస్త్రదృష్టితో నిజాయితీయే కావచ్చును. భాషాదృష్టితో మాత్రము అది పాఠకుని పెడత్రోవ పట్టించుటయే.

ఈ విషయమున ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనము సైతము నిర్దోషమైనది కాదు. అదియు నూటికి పదివంతుల గొడుగుతోనే తృప్తి పడును. అర హెక్టారు చాలును. కాని పండ్లతోటలు, నూనెతాటి తోటలు మొదలగు వ్యవసాయ భూములను అది విడిచిపెట్టును. తనకు తాను పెరిగిన అడవిని, నాటిన అడవిని వేర్వేరు పట్టికలలో చూపును. ఆ సంస్థ 2020 నివేదిక ప్రకారము 2015, 2020 సంవత్సరముల నడుమ ప్రపంచమున ఏటేట సుమారు ఒక కోటి హెక్టారుల అడవి నరికివేయబడినది. కొత్తగా వచ్చిన అడవిని అందులోనుండి తీసివేయక, పోయినదానిని పోయినదానిగా చెప్పగలుగుటకు ఆ వేర్వేరు పట్టికలే కారణము. మన నివేదికలో పోయినది, వచ్చినది కలిసిపోయి నికరముగా మిగిలినదియే పైకి కనబడును. ఒక యింట తాతగారు గతించి అదే దినమున మనుమడు పుట్టినచో, యింటి జనసంఖ్య మారలేదని వ్రాయుట వంటిదిది.

పాత సంచికలతో కొత్త సంచికలను పోల్చువారు మరియొక చిక్కు గమనింపవలెను. 1987 నివేదికలో లెక్కకు వచ్చిన కనీస విస్తీర్ణము 400 హెక్టారులు. 2001 నివేదిక నుండి అది ఒక హెక్టారు. జల్లెడ కన్నములు ఇంతగా మారిన పిమ్మట పైన మిగిలినదానిని తూచి పెరిగినదని సంతోషించుట తగదు. ఈ హెచ్చరికను సర్వేక్షణ సంస్థయే చేసియున్నది. ఉపన్యాసములలో అది వినబడదు.

ఇక తెలంగాణ అంకెలు. 2019 నివేదికలో రాష్ట్రమున అరణ్యావరణము 20,582 చదరపు కిలోమీటర్లు. 2021 నివేదికలో 21,214. అనగా రెండేండ్లలో 632 చదరపు కిలోమీటర్ల వృద్ధి. దేశమున ఆంధ్రప్రదేశము తరువాత రెండవ స్థానము మనదే యని అప్పుడు ఘనముగా చెప్పుకొన్నారు. 2015లో ఆరంభమైన హరితహారము ఫలించినదని కూడ అన్నారు. తరగతుల వారీగా చూచినచో మిక్కిలి దట్టమైన అడవి 1,608 నుండి 1,624కు పెరిగినది. పెరిగిన 632లో దట్టమైన అడవి వాటా 16 చదరపు కిలోమీటర్లు! మొత్తము 21,214లో పలుచని అడవియే 10,471, ఇంచుమించు సగము. దేశము మొత్తమున కూడ ఇదే తీరు. 2023 నివేదికలో అడవులు, చెట్లు కలిపి 1,445 చదరపు కిలోమీటర్లు పెరిగినవని ప్రకటింపగా, అందులో అడవి పేర వచ్చినది 156 మాత్రమే. మిగిలిన 1,289 అడవుల వెలుపలి చెట్లది. ఈ అంకెలలో అబద్ధమేమియు లేదు. ఏ అంకెను పెద్ద అక్షరములతో వేయుదురు, దేనిని చిన్న అక్షరములతో వేయుదురు అను దానియందే వాదమున్నది.

నస్పూర్‌కు ఈ గొడవ యంతయు ఎందుకు? అడవికిని బొగ్గుకును అక్కడ బహుకాలపు సంబంధమున్నది. ఆ బొగ్గు సైతము ఒకప్పటి అడవియే. సుమారు 28 కోట్ల ఏండ్లకు పూర్వము గోండ్వానా భూభాగమున గ్లాసాప్టెరిస్ అను జాతి చెట్లు బురదనేలలలో పెరిగి, కూలి, మట్టి క్రింద పడి బొగ్గుగా మారినవి. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున ఆ బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి సంస్థ ఏర్పడినది. అప్పటినుండి చిరకాలము తవ్వకము భూగర్భ గనులలోనే సాగినది. బొగ్గు తీసిన కొలది పైకప్పు కూలకుండ కఱ్ఱలు నిలుపవలెను. గనివారు వానిని ప్రాపులందురు. అడ్డముగా నిలువుగా పేర్చిన కఱ్ఱల దొంతరలు చాకులు. ఈ పనికై టింబర్‌మెన్ అను కార్మికులు వేరుగా ఉండిరి. క్రిందికి దిగిన ఆ కఱ్ఱ అడవులలోనిదే. ఒక అడవి నాశనమైన చోట మరియొక అడవిని వెలికితీయుటకై మూడవ అడవిని నరికి లోపల పాతిపెట్టిరన్నమాట. తరువాత ఉక్కు దిమ్మలు, పైకప్పునకు బిగించు ఉక్కు బోల్టులు వచ్చి కఱ్ఱ వాడకమును తగ్గించినవి.

ఐనను ఆ బాయిలు అడవిని మొత్తముగా పెకలింపలేదు. ఆర్కే 5, ఆర్కే 7 వంటి భూగర్భ గనుల మీద నేల కొన్నిచోట్ల కుంగవచ్చును, బీటలు పడవచ్చును, బావులలో నీరు దిగవచ్చును. చెట్టు మాత్రము నిలిచియుండును. ఓపెన్‌కాస్టు పద్ధతిలో అట్లు కాదు. మొదట చెట్లు కొట్టుదురు. తరువాత పైమట్టి తీయుదురు. పిమ్మట ఇసుకరాయి, బంకమట్టి పొరలను మందుగుండుతో పేల్చి, షావెళ్లతో ఎత్తి, డంపర్లతో మోసి ప్రక్కన పోయుదురు. అప్పటికి గాని బొగ్గు కనబడదు. పగిలిన రాయి పగులని రాతికంటె ఎక్కువ చోటాక్రమించును. అందుచే గొయ్యిని తిరిగి పూడ్చినను కొంత మిగిలిపోయి గుట్టగా నిలుచును. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందులో భూగర్భ గనుల వాటా పదవ వంతు లోపే.

ఇందుకు సంస్థను నిందించి ఊరకుండుట సులభము. భూగర్భ గనిలో పైకప్పును నిలుపుటకై చాల బొగ్గును స్తంభములుగా విడిచిపెట్టవలెను. ఓపెన్‌కాస్టులో దాదాపు అంతయు చేతికి వచ్చును. కార్మికుని ప్రాణమునకు అపాయము కూడ తక్కువ. పెగడపల్లిలోని సింగరేణి విద్యుత్ కేంద్రమునకు, గోదావరి ఆవలనున్న రామగుండము కేంద్రమునకు బొగ్గు పోవలెను; ఆ కరెంటుతోనే ఈ పత్రిక అచ్చగును. కావున ఇచ్చట ఎదురగు ప్రశ్న తవ్వుట, మానుట అనునది కాదు. తవ్వినప్పుడు పోయినదేమో సరిగా వ్రాసికొనుచున్నామా అనునది.

పోయినదానిలో మొదటిది నేల. అడవి అడుగున ఏండ్ల తరబడి ఆకులు రాలి, చీకి, చెదలును వానపాములును శిలీంధ్రములును త్రిప్పి త్రిప్పి చేసిన పొర యది. ఒక అంగుళము ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును. ఓపెన్‌కాస్టు గుట్టపై మట్టి అని పిలువబడునది నిజమునకు మట్టి కాదు, పొడియైన రాయి. అందులో నత్రజని స్వల్పము, కుళ్లిన ఆకుపదార్థము లేనట్లే. డంపర్ల బరువునకు గట్టిపడిన చోట్ల వేరు దిగదు. వదులుగానున్న చోట్ల వాన నీరు నిలువదు. పైమట్టిని ముందుగా వేరుచేసి దాచి, గుట్టపై తిరిగి పరవవలెనని నియమమున్నది. మంచి నియమమే. కాని కుప్పగా పోసిన పైమట్టిలో గాలి ఆడక సూక్ష్మజీవులు నశించును. తీసిన మట్టిని వెంటనే పరవినచో కొంత మిగులును. ఏండ్ల తరబడి నిలువచేసినచో మిగులునది మట్టి పేరు మాత్రమే.

ఇట్టి చోట చెట్టు బ్రతుకుటయే గొప్ప. గుట్టలపై మొక్క నిలుపుటకు సింగరేణి పర్యావరణ, అటవీ విభాగములవారు పడు శ్రమను చూచినవారు దానిని తేలికగా మాట్లాడరు. గుట్టను మెట్లుగా చెక్కి, వాలు తగ్గించి, గడ్డి వేసి, నత్రజనిని చేర్చు కానుగ వంటి పప్పుజాతి మొక్కలను నాటుదురు. ధూళి అణగును, వాలు కోత తగ్గును. అది పుండుపై కట్టిన కట్టు. కట్టు అవసరమే, వైద్యుడు ప్రశంసార్హుడే. కట్టును చర్మముగా లెక్కవేసినప్పుడే తగవు వచ్చును.

ఈ మాటకు సాక్ష్యము వెదకుటకు నివేదికను దాటి పోనక్కరలేదు. దాని కర్బన అధ్యాయమే చాలును. 2021 సంచిక ప్రకారము దేశపు అడవులలో నిలువయున్న కర్బనము 720 కోట్ల టన్నులు. అందులో సగమునకు మించి ఉన్నది చెట్లలో కాదు, నేలలో. ఇంత ముఖ్యమైన సత్యమును ఒక అధ్యాయమున చెప్పిన గ్రంథము మరియొక అధ్యాయమున గొడుగును మాత్రము కొలిచి అడవి యెంతో నిర్ణయించుచున్నది. కుడిచేయి వ్రాసినది ఎడమచేయి చదువలేదు. పాత అడవి హెక్టారును తవ్వి, గుట్టమీద హెక్టారు చెట్లు పెంచినచో ఆవరణ పట్టికలో ఖాతా సరిపోవును. కర్బన పట్టికలో నేలవాటా ఎగిరిపోవును. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూపిన పుట ఒక్కటియు ఆ గ్రంథమున లేకపోవుట దాని పెద్ద లోపము.

అడవుల పక్షమున మాట్లాడువారి వ్రాతలను కూడ ఇక్కడ కొంత పరీక్షింపవలెను. పాఠశాల వ్యాసములలో అడవి నరికినచో ఊపిరికి ఆక్సిజన్ కరవగునని వ్రాయుదురు. ఎదిగిన అడవి పగలు విడుచు ఆక్సిజన్‌ను ఇంచుమించు అంతయు దాని శ్వాసక్రియయు, చీకు ఆకులును తిరిగి వాడుకొనును. గాలిలోని నిలువ వేల ఏండ్లకు చాలునంతటిది. అడవి నరికినచో వానలు రావని మరియొక మాట. మంచిర్యాలకు వాన తెచ్చునది నైఋతి ఋతుపవనము. దాని పుట్టుక సముద్రములపై. నస్పూర్ చుట్టునున్న అడవి విస్తీర్ణము ఆ గాలిని ఆపజాలదు, పిలువజాలదు. వేసవిలో అడవి చల్లగా ఉంచునను మాటను కూడ ఇక్కడ కొంత తగ్గించి చెప్పవలెను. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలో కెలోరీల వేడి కావలెను. చెట్టు ఆకుల ద్వారా విడుచు ప్రతి లీటరును అంత వేడిని గాలినుండియు ఎండనుండియు గుంజుకొనును. ఇది నిజమే. కాని ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకు మే నెలలో టేకుకు ఆకులేవి? ఆ కాలమున ఊరిలోని వేప, కానుగ చేయు మేలును టేకు అడవి చేయదు.

ఇట్టి అతిశయోక్తులు అడవికి మేలుచేయవు. ప్రతిపక్షి వానిలో ఒకదానిని ఖండించి, మిగిలిన నిజమును కూడ దానితో త్రోసివేయును. నిజము వేరొకచోట బలముగా ఉన్నది. వాన కురియుటలో అడవి చేయి తక్కువ. కురిసిన వానను నేలలోనికి దించుటలో దాని చేయి మిక్కిలి ఎక్కువ. 10 మిల్లీమీటర్ల వాన ఒక హెక్టారుపై పడినచో లక్ష లీటర్ల నీరు. రాలిన ఆకులు, వేళ్ల సందులు, చెదల కన్నములు గల అడవి నేల అందులో అధికభాగమును త్రాగి, మెల్లగా వాగులకు, బావులకు విడుచును. గట్టిపడిన గుట్ట వాలుమీద ఆ నీరే బురదతో జారి చెరువు పూడ్చును. అంతేగాక లోతైన గొయ్యి చుట్టుప్రక్కల భూగర్భ జలమును తనవైపు లాగికొనును; గనిలో ఊరిన నీటిని పంపులతో తోడి పోయుచుండగా దాపుననున్న బావుల నీటిమట్టము క్రిందికి దిగుట భౌతిక సూత్రమే. ఒకచోట చేదువాడు, ఒకచోట ఇంకించువాడు ఉన్నంతకాలము కొంత సరిపోవును. ఓపెన్‌కాస్టు ఇంకించువానిని తొలగించి, చేదువానిని నిలిపినది.

పోయినదానిలో రెండవది జాతుల కూర్పు. తునికి చెట్టును తీసికొనుడు. ఏప్రిల్, మే నెలలలో కూలీ జనము, గోండు, కోలాము, నాయకపోడు కుటుంబములు తెల్లవారకముందే అడవికి పోయి లేత తునికాకు కోసి, 50 ఆకులకొక కట్టగా కట్టి కల్లములో అప్పగింతురు. వ్యవసాయపు పనులు లేని ఆ రోజులలో వారి చేతికి వచ్చు రొక్కము అదియే. తునికి ముఖ్యముగా వేరు పిలకల ద్వారా వ్యాపించును. అడవి నేలను తవ్వినచో చెట్టుతోబాటు దాని వేళ్లలోని రేపటి చెట్టును కూడ తవ్వి పోసినట్లే. ఇప్ప మొక్కను నాటవచ్చును. పూత పూయుటకు ఒక తరము పట్టును. మొర్రి, ఉసిరి, గడ్డలు, తేనె, ఇవి పట్టికలో ఎక్కడను కానరావు. నిర్మల్ బొమ్మలు చెక్కు పొణికి కఱ్ఱకై పనివారు పడుచున్న ఇక్కట్లు తెలిసినవారికి, ఒక్క జాతి చెట్టు తగ్గినచో ఒక కళ మొత్తము ఎట్లు ఇరుకున పడునో వేరుగా చెప్పనక్కరలేదు. పొణికి తరిగినను, ఆ చోట టేకు పెరిగినచో నివేదిక దృష్టిలో ఏమియు జరుగలేదు.

ఈ నిర్వచనము పుస్తకములో నిలిచిపోయినచో ఇంత వాదము అక్కరలేకపోవును. అది ధనముగా మారుచున్నది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ప్రకారము అటవీ భూమిని గనులు మొదలగు ఇతర కార్యములకు వాడవలెనన్నచో కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలెను. అనుమతికి బదులుగా వేరొకచోట ప్రత్యామ్నాయ వనీకరణము చేయవలెను; పోయిన అడవికి ‘నికర వర్తమాన విలువ’ కూడ చెల్లింపవలెను. 2008లో ఈ విలువ అడవి రకమును, సాంద్రతను బట్టి హెక్టారుకు 4.38 లక్షల రూపాయల నుండి 10.43 లక్షల వరకు ఉండెను, 2022లో పెంచిరి. వసూలైన ధనమును ఖర్చుచేయుటకు 2016లో ప్రత్యేకముగా ఒక చట్టము చేసిరి. సాంద్రత తరగతులు మన నివేదికలోని ఆ మూడే. అనగా పాత అడవి, గొడ్డళ్లకు పలుచబడి 40కి లోబడిన దినముననే దాని వెలయు తగ్గును. మొదట పలుచన చేసి పిమ్మట పలుచనిదని చౌకగా కొనుటకు ఈ పద్ధతిలో అడ్డు లేదు. ఎవరో కావలెనని అట్లు చేయుచున్నారని చెప్పుట కాదు. త్రాసులో ఆ సందు ఉన్నదని చూపుటయే.

ఇక ప్రత్యామ్నాయపు వనము. అది పోయిన అడవి పరిసరముననే ఉండితీరవలెనని లేదు. వేరొక జిల్లాలో ఉండవచ్చును. దాని గొడుగు నూటికి పదివంతులు దాటినప్పుడు అది అరణ్యావరణములో చేరును. అప్పటికి రాష్ట్రపు మొత్తములో లోటు తీరినట్లు కనబడును. నస్పూర్ బావిలో దిగిన నీరు మరియొక జిల్లాలో నాటిన మొక్కవలన పైకి రాదు. నస్పూర్‌లో తునికాకు కోసినవాని వేసవి కూలి అక్కడి వనసంరక్షణ సమితికి పోయినను ఇతనికి రాదు. కవ్వాల్ నుండి మహారాష్ట్రలోని తాడోబా వరకు పులులు తిరుగు త్రోవలో ఒక ముక్క తెగినచో, ఆ ముక్క విస్తీర్ణమునకు సరియైన తోటను వంద కిలోమీటర్ల ఆవల పెంచినంత మాత్రమున త్రోవ కలియదు. అడవికి విస్తీర్ణముతోబాటు చోటు కూడ ఉన్నదని నివేదికకు తెలియును, పటములు అందులోనే ఉన్నవి. మొత్తములు కట్టునప్పుడు మాత్రము మరచును.

1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు అడవి యను మాటకు నిఘంటువులోని అర్థమునే గ్రహింపవలెనని చెప్పినది. న్యాయమూర్తులు నిఘంటువును నమ్మగా, శాస్త్రజ్ఞులు నిఘంటువును విడుచుట విచిత్రముగా ఉన్నది. శాస్త్రమున పారిభాషిక పదము అవసరమే. ఐతే పారిభాషిక పదమును కొత్తగా కల్పింపవలెను గాని, లోకమున అర్థము స్థిరపడిన మాటను తెచ్చి దానికి వేరొక అర్థమును తొడుగరాదు. ‘వృక్షావరణము’ అని మొత్తమునకు పేరుపెట్టి, అందులో అడవి యెంత, తోట యెంత, గుట్టమీది నాటు ఎంత అని విడదీసినచో నివేదికపై ఈ వాదములో సగము తగ్గును. తోటలకును అడవులకును గల తేడాను ఉపగ్రహ చిత్రము గుర్తింపజాలదను సమాధానము ఒకప్పుడు చెల్లినది. 23.5 మీటర్ల గడులతో చూచునప్పుడు ఒక హెక్టారున సుమారు 18 గడులు మాత్రమే పడును; వరుసలు కనబడవు. నేడు అంతకంటె ఎంతో సన్నని చిత్రములు లభించుచున్నవి. ఏడాది పొడవున తీసిన చిత్రములను వరుసగా చూచినచో, ఆకు రాల్చు టేకు, మద్దులను, ఏడాదియంతయు పచ్చగానుండు జామాయిల్‌ను వేరుచేయుట కష్టమైన పని కాదు.

చిత్రము కూడ అక్కరలేని చోట్లు కలవు. ఓపెన్‌కాస్టు గనికి అటవీ భూమి తీసికొన్నప్పుడు దాని సరిహద్దులు, అప్పటి సాంద్రత, కొట్టిన చెట్ల సంఖ్య, జాతి, చుట్టుకొలత, ప్రత్యామ్నాయముగా చూపిన నేల పటము, గుట్టపై ఏ సంవత్సరమున ఏ మొక్క నాటినారో, ఇవన్నియు అనుమతుల దస్తరములలో ఉండును. కొట్టిన ప్రతి చెట్టునకును అటవీశాఖవారు ముందుగా అంకె వేయుదురు. కావలసినది ఆ కాగితములను డెహ్రాడూన్ పటముతో కలిపి, జిల్లా పట్టికలో మూడు గడులు అదనముగా చేర్చుట. ఈ నేలలో తవ్వుటకు పూర్వము ఉన్నదేమి, ఇప్పుడు ఉన్నదేమి, మట్టిలోని కర్బనమెంత. శ్రీరాంపూర్, మందమర్రి, రామగుండము ఏరియాల గుట్టలకు ఈ మూడు గడులను మొదట నింపి చూచినచో, పదేండ్ల నాటు క్రింద నేల ఏమైన పుట్టుచున్నదా, లేక రాతిపొడిపై గొడుగులు మాత్రము నిలిచియున్నవా అనునది ఊహగా కాక అంకెగా తెలియును. అప్పుడు కొన్ని గుట్టలు అడవి పేరుకు తగినవని తేలినను తేలవచ్చును. తరువాతి గని కొరకు నస్పూర్ ప్రక్కన మిగిలిన అడవి తునకకు వెల కట్టువారి ఎదుట ఆ పట్టిక ఉండవలసియున్నది.